హైడౌట్‌లో మేవిస్ స్టేపుల్స్: ఒక గిటారు, ఒక బేస్, డ్రమ్ములు, మిగతాదంతా గొంతు

ఈ ఆల్బమ్‌లో పియానో లేదు, ఆర్గాన్ లేదు, ట్రంపెట్లు, సాక్సఫోన్లు అసలే లేవు. ఒక గిటారు, ఒక బేస్ గిటారు, ఒక డ్రమ్ సెట్టు, వంతకి ముగ్గురు. వాళ్ల ముందు, నెల తిరక్కుండానే 69 నిండబోతున్న అమెరికా నల్లజాతి గాయని మేవిస్ స్టేపుల్స్. సోల్ పాటలంటే (నల్లజాతి అమెరికన్ల చర్చి పాటల్లోంచి వచ్చిన పాప్ సంగీతం) బాకాలూ కీబోర్డులూ నిండుగా ఉండాలని అలవాటుపడ్డ చెవికి మొదటి పాటలో ఏదో వెలితిగా ఉంటుంది. మూడో పాటకొచ్చేసరికి ఆ చోటు ఎవరికోసం ఖాళీగా వదిలారో తెలిసిపోతుంది.

పేరు ‘లైవ్: హోప్ ఎట్ ద హైడౌట్’. 2008 జూన్‌లో షికాగోలోని హైడౌట్ అనే చిన్న బార్‌లో రికార్డు చేశారు. యాంటీ రికార్డ్స్ దాన్ని అదే ఏడాది నవంబరు 4న విడుదల చేసింది. అది అమెరికా అధ్యక్ష ఎన్నికల రోజు. ఆ రాత్రే అదే షికాగోలో, గ్రాంట్ పార్కులో, ఒబామా గెలుపు సభ జరిగింది. పాటల్లో సగానికి పైగా పౌరహక్కుల ఉద్యమం నాటివో, ఆ ఉద్యమం వాడుకున్న పాత భక్తిగీతాలో కాబట్టి తేదీ ఊరికే కుదిరింది కాదు. అయితే ఆ సందర్భాన్ని పక్కన పెట్టేసి విన్నా ఈ రికార్డు తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఈ సమీక్ష ఎక్కువగా దాని గురించే.

ముందు గది సంగతి. అప్పట్లో ఫ్యాక్టరీల మధ్య ఇరుక్కుని ఉన్న పాత ఇల్లులాంటి బార్ ఇది. వందకు పైచిలుకు జనం చేరితే నిండిపోతుంది. చిన్న గదిలో చేసిన రికార్డింగు దగ్గరగా వినిపించడానికి కారణం చాలా మామూలుది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే మీటరుకి సుమారు 3 మిల్లీసెకన్లు. పెద్ద హాల్లో జనం చప్పట్ల కోసం వేదికకి 30 మీటర్ల దూరంలో మైకు కట్టారనుకోండి, పాట అక్కడికి 90 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ మైకునీ గాయని మైకునీ కలిపితే ప్రతి మాటా రెండుసార్లు పలికినట్టుంటుంది. కలపకపోతే చప్పట్లు పక్కవీధిలో ఎవరో కొడుతున్నట్టుంటాయి. ఎనిమిది పది మీటర్లకి మించని గదిలో ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటదు. చెవి దాన్ని వేరే శబ్దంగా లెక్కపెట్టదు, గది వెడల్పుగా తీసుకుంటుంది. అందుకే ఇక్కడ ముందు వరసలో ఎవరైనా ‘అవును’ అన్నట్టు కేక వేస్తే అది పాటలో భాగంగా కలిసిపోతుంది.

చిన్న గదికి శిక్ష కూడా ఉంది. డ్రమ్ములు గాయని మైకులోకి దూరతాయి. గాయని మైకు నుంచి రెండింతల దూరం జరిగితే గొంతు 6 డెసిబెళ్లు పడిపోతుంది, వెనక నుంచి వచ్చే స్నేర్ (డ్రమ్ సెట్టులో చురుగ్గా మోగే డ్రమ్ము) చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. తర్వాత మిక్సింగులో, అంటే మైకుల శబ్దాలన్నీ కలిపేటప్పుడు, గొంతు పెంచితే స్నేర్ కూడా పెరుగుతుంది. చాలా క్లబ్బు రికార్డింగులు రేకు డబ్బా మోతగా ఉండటానికి సగం కారణం ఇదే. దీనికి మిక్సింగులో మందు లేదు. వాయించేవాళ్లు చెయ్యి అదుపులో పెట్టుకోవాలి, అంతే. ఈ ముగ్గురూ చేసింది అదే.

ఆ ముగ్గురిలో గిటారు రిక్ హోమ్‌స్ట్రామ్, బేస్ జెఫ్ టర్మ్స్, డ్రమ్ములు స్టీఫెన్ హాడ్జెస్. హాడ్జెస్ 1980లలో గాయకుడు టామ్ వెయిట్స్ రికార్డులకి వాయించినవాడు. తాళం నడిపించడం కన్నా గదికో రంగు వెయ్యడం మీద అతనికి ధ్యాస ఎక్కువ. హోమ్‌స్ట్రామ్‌ది కాలిఫోర్నియా బ్లూస్ పెంపకం; బ్లూస్ అంటే అమెరికా దక్షిణాది నల్లవాళ్ల బాధల పాటలు. వంతకి మేవిస్ అక్క ఇవాన్, డానీ జెరార్డ్, షవాన్ మారిస్. ‘కోరస్’ కన్నా మన ‘వంత’ అన్న మాటే వీళ్లకి సరిగ్గా అతుకుతుంది. అలంకారంగా వెనక నిలబడి హమ్ చేసేవాళ్లు కాదు. మేవిస్ సగం వాక్యం అని వదిలేస్తే మిగతా సగం అందుకుంటారు.

గిటారు శబ్దం గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఈ ఆల్బమ్‌కి అది వెన్నెముక. మేవిస్ తండ్రి రోబక్ ‘పాప్స్’ స్టేపుల్స్ 1914లో మిసిసిపీలో పుట్టాడు. డాకరీ పత్తి తోటల్లో పెరుగుతూ గాయకుడు చార్లీ పాటన్ బ్లూస్ విన్నాడు, 1936లో పనికోసం షికాగో వచ్చాడు. పిల్లల్ని కూర్చోబెట్టి చర్చి పాటలు నేర్పి స్టేపుల్ సింగర్స్ అనే కుటుంబ బృందాన్ని తయారు చేశాడు. పాటలు దేవుడివి, గిటారు మాత్రం బ్లూస్. ఆ గిటారు మీద ట్రెమెలో అతని సంతకం. ట్రెమెలో అంటే ఆంప్ (గిటారు శబ్దాన్ని పెద్దది చేసే యాంప్లిఫయర్) శబ్దాన్ని సెకనుకు నాలుగైదు సార్లో, ఇంకా ఎక్కువ సార్లో పెంచి తగ్గించడం. స్వరం మారదు, దాని బలం మాత్రమే అలలా లేచి పడుతుంది. (ఫెండర్ కంపెనీ ఆంప్‌ల మీద దీనికి ‘వైబ్రాటో’ అని రాసి, స్వరాన్నే వంచే గిటారు కడ్డీకి ‘ట్రెమెలో’ అని పేరు పెట్టింది. వైబ్రాటో అంటే స్వరం వణకడం కాబట్టి రెండూ తలకిందులే. డెబ్బై ఏళ్లుగా గిటారు వాళ్లని అయోమయంలో పెడుతున్న పేర్లు.)

హోమ్‌స్ట్రామ్ ఆ శబ్దాన్ని తీసుకున్నాడు, కానీ పాప్స్‌ని అచ్చుగుద్దలేదు. పాప్స్ స్వరం శుభ్రంగా, నీళ్లలా ఉంటుంది. ఇతనిది అంచులు చిరిగిన శబ్దం. మొదటి పాట ‘ఫర్ వాట్ ఇట్స్ వర్త్’ హెడ్‌ఫోన్లలో పెట్టి గిటారు ఒక్కదాన్నే పట్టుకుని వినండి. ట్రెమెలో అల ఒక వేగంలో, పాట లయ ఇంకో వేగంలో పోయినప్పుడల్లా గిటారు తూగుతున్నట్టుంటుంది, లయ తప్పినట్టు కాదు. ఆ తూగు తగ్గకుండా ఉండాలంటే బేస్, డ్రమ్ములు రాయిలా నిలబడాలి. టర్మ్స్ అందుకే అక్కర్లేని స్వరం ఒక్కటీ వెయ్యడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే గిటారున్న ముగ్గురి బృందంలో గిటారిస్టు సోలో మొదలుపెట్టగానే కింద కార్డులు (ఒకేసారి కలిపి మోగే స్వరాలు) మాయమవుతాయి. కీబోర్డు ఉంటే ఆ గుంట పూడ్చేది. లేదు కాబట్టి సోలోలన్నీ పొట్టివి: రెండు తీగల మీద, కార్డు ముక్కలు మధ్యలో తగిలిస్తూ వాయించేవి. వేళ్ల వేగం చూపించే గిటారు కావాలనుకునేవాళ్లకి ఇక్కడ దొరికేది తక్కువ.

ఇక గొంతు. మేవిస్‌ది పుట్టుకతోనే మంద్ర స్థాయి గొంతు. 1956 నాటి ‘అన్‌క్లౌడీ డే’ రికార్డులో ఆ లోతు గొంతు టీనేజి అమ్మాయిదంటే రేడియో విన్నవాళ్లు నమ్మలేదు. ఆ మంద్రమే తర్వాత ఆమెని కాపాడింది. వయసు మీద పడేకొద్దీ ఆడవాళ్ల స్వరతంత్రులు కొంచెం మందమవుతాయి, గొంతు కిందికి దిగుతుంది, మొదట పోయేది పై స్థాయి. ఊపిరి తగ్గి వాక్యాలు పొట్టివవుతాయి. మామూలుగా సెకనుకు ఐదారు సార్లు ఉండే గొంతు కంపనం నెమ్మదించి ఊగులాటగా మారుతుంది. పై స్థాయి మీదే బతికిన గాయకులకి ఇది పెద్ద దెబ్బ. మేవిస్ అసలు ఇల్లు కింది అంతస్తులోనే ఉంది కాబట్టి పోయింది తక్కువ. బొంగురు మాత్రం పెరిగింది, ఆమె దాన్ని దాచదు.

ఎలా వాడుకుందో చూడాలంటే ‘వెయిటింగ్ ఫర్ మై చైల్డ్’ దగ్గర ఆగాలి. నెమ్మది పాట, దాక్కోవడానికి చోటు లేదు. పొడుగు వాక్యాన్ని ఒక్క ఊపిరిలో లాగే ప్రయత్నం చెయ్యదు. ముక్కలు చేస్తుంది. ముక్కకీ ముక్కకీ మధ్య మాట లేని మూలుగు పెడుతుంది, చర్చి పాటల్లో తరతరాలుగా ఉన్న పద్ధతి అది. పై స్వరం అందాల్సిన చోట దాని మీదికి ఎగరదు. కింద నుంచి గీసుకుంటూ పోయి, అందీ అందనట్టు తాకి దిగిపోతుంది. ముప్పై ఏళ్ల గాయని ఇలా పాడితే శ్రుతి సరిపోలేదంటాం. ఇక్కడ పాటలో తల్లి ఎదురుచూపు అలాగే ఉండాలనిపిస్తుంది. మైకు వాడకం కూడా గమనించండి. గుసగుసకి మైకుని పెదవులకి ఆనిస్తుంది. అంత దగ్గరైతే మామూలు వేదిక మైకు కింది శబ్దాల్ని పెంచి చూపిస్తుంది, గొంతు ఇంకా బరువెక్కుతుంది. అరుపుకి ముందు దూరం జరుపుతుంది. ఏభై ఏళ్లకి పైగా వేదిక మీద ఉన్న చెయ్యి అది.

పాటల ఎంపికలో పెద్ద భాగం అంతకు ముందు ఏడాది, 2007లో, రై కూడర్ నిర్మించిన ‘వుయిల్ నెవర్ టర్న్ బ్యాక్’ ఆల్బమ్ నుంచి వచ్చింది. ‘ఐస్ ఆన్ ద ప్రైజ్’, ‘డౌన్ ఇన్ మిసిసిపీ’, ‘దిస్ లిటిల్ లైట్’, ‘వుయ్ షల్ నాట్ బీ మూవ్డ్’ అందులోవే. ఆ స్టూడియో రికార్డు ఉన్నవాళ్లకి ఇది మళ్లీ దేనికన్న అనుమానం న్యాయమే. తేడా వినాలంటే ‘డౌన్ ఇన్ మిసిసిపీ’ రెండూ పక్కపక్కన పెట్టండి. జె. బి. లెనోర్ రాసిన బ్లూస్ ఇది. మేవిస్ దీంట్లో తన చిన్ననాటి మిసిసిపీని కలుపుతుంది: నల్లవాళ్లకి వేరే నీళ్ల కుళాయిలు, వాటి మీది బోర్డులు, ఆ బోర్డులు దిగిపోయేలా చేసిన డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్. స్టూడియోలో అది చక్కగా కుదిరిన కథనం. జనం ముందు చెప్పినప్పుడు ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో జనమే చెబుతారు. ముగ్గురు వాద్యకారులూ ఒకే పట్టుని తిప్పుతూ ఆమె కోసం కాచుకుంటారు. పాట ఎక్కడ మాటగా మారిందో, మాట ఎక్కడ మళ్లీ పాటయిందో గీత గీయలేం. ఈ ఆల్బమ్‌లో ఒక్క పాటే వినే తీరికుంటే ఇదే వినాలి.

‘వై యామ్ ఐ ట్రీటెడ్ సో బ్యాడ్’ పాప్స్ రాసింది. 1957లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో తెల్లవాళ్ల పాఠశాలకి వెళ్లిన తొమ్మిది మంది నల్ల విద్యార్థుల్ని అడ్డుకోవడం చూసి కట్టిన పాట, మార్టిన్ లూథర్ కింగ్‌కి ఇష్టమైనదని పేరు. ‘ఫ్రీడమ్ హైవే’ కూడా పాప్స్‌దే, నల్లవాళ్ల ఓటు హక్కు కోసం 1965లో జరిగిన సెల్మా నుంచి మాంట్‌గమరీ పాదయాత్ర కోసం రాసింది. రెండూ వరసగా వస్తాయి, ఆల్బమ్ వేడెక్కేది ఇక్కడే. రెండోదాన్లో చప్పట్లు వినండి: నాలుగు దెబ్బల్లో రెండోదాని మీద, నాలుగోదాని మీద పడతాయి. ఒకటీ మూడూ మీద కొట్టే జనం దొరికితే బృందం ముందుకి తోసుకుపోయినట్టు పరుగెత్తుతుంది. సరైన చోట కొట్టే జనం డ్రమ్మరు పని సగం చేసిపెడతారు.

‘విల్ ద సర్కిల్ బీ అన్‌బ్రోకెన్’కి ముందు ‘సర్కిల్ ఇంట్రో’ అని మాటల ట్రాక్ విడిగా ఉంది. పాప్స్ పిల్లలకి మొట్టమొదట నేర్పిన పాట ఇదని మేవిస్ చెబుతూ వస్తుంది. కాబట్టి ఇంట్రో దాటేసి పాటకి పోకండి. మాటల ట్రాకుని వేరు చెయ్యడం మంచి పనే, రెండోసారి వినేవాళ్లకి వెసులుబాటు.

చివర్లో ‘ఐల్ టేక్ యూ దేర్’. 1972లో అమెరికా పాప్ పట్టికలోనూ సోల్ పట్టికలోనూ మొదటి స్థానానికి ఎక్కిన పాట. రెండే కార్డులు, ఇంచుమించు చరణమే లేదు, పిలుపూ బదులూ. అసలు రికార్డు అలబామాలోని మజిల్ షోల్స్‌లో డేవిడ్ హుడ్ బేస్ మీద నిలబడింది. పైన ఎలక్ట్రిక్ పియానో, హార్మోనికా ఉన్నాయి. ఇక్కడ అవి లేవు కాబట్టి బేస్ నడక నగ్నంగా బయటికొస్తుంది. ఆ నిండుదనం కోసం వచ్చినవాళ్లకి ఇది పల్చగా ఉంటుందనేది ఒప్పుకోవాల్సిందే. పిలుపుకి బదులు జనం చెబుతారు, సందడి బాగుంటుంది. కానీ పాటగా చూస్తే స్టూడియోదే పైచెయ్యి.

లోపాల మాటకొస్తే అదొక్కటే కాదు. నడక దాదాపు ఒకే తీరు పాటలు పక్కపక్కన పడ్డాయి. ‘వేడ్ ఇన్ ద వాటర్’ చుట్టూ అంతా బురద నీళ్లలో నడిచినట్టు మధ్యస్థ వేగమే. గిటారు కూడా ఒకే ట్రెమెలో, ఒకే మసక రంగు. వేదిక దగ్గర ఉన్నవాళ్లకి ఇది మత్తెక్కిస్తుంది. ఇంట్లో పని చేసుకుంటూ వింటే పాటలు ఒకదాన్లోకి ఒకటి కరిగిపోతాయి. స్టేపుల్ సింగర్స్ హిట్ల కోసం కొనేవాళ్లు ఇంకాస్త ఆలోచించుకోవాలి. ‘రెస్పెక్ట్ యువర్‌సెల్ఫ్’ లేదు, ‘లెట్స్ డూ ఇట్ ఎగెయిన్’ లేదు.

ఎలా వినాలి అన్నది ఇలాంటి రికార్డుకి చిన్న విషయం కాదు. ఫోన్ స్పీకరు వద్దు. బేస్ గిటారు కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకరు దాని దరిదాపుల్లోకి కూడా రాదు, మేవిస్ కింది స్వరాల మూలం కూడా చాలావరకు మింగేస్తుంది. బొంగురు మాత్రం మిగులుతుంది. ‘ముసలి గొంతు’ అని కొట్టిపారేసే వాళ్లలో కొందరు విన్నది ఆ సగమే. చెవుల్ని మూసే మామూలు హెడ్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. ఆప్‌లో షఫుల్ ఆపండి. పాట నుంచి పాటకి కరిగించే క్రాస్‌ఫేడ్ కూడా ఆపండి. లైవ్ రికార్డులో చప్పట్లు ట్రాకు అంచు దాటి పారుతుంటాయి. క్రాస్‌ఫేడ్ ఉంటే రెండు చప్పట్లు ఒకదాని మీద ఒకటి పడి జనం ఉన్నట్టుండి రెట్టింపవుతారు. ఎమ్‌పీ3 ఫైళ్లయితే ఇంకో తంటా. ఆ పద్ధతిలో ప్రతి ఫైలుకీ ముందూ వెనకా చిటికెడు నిశ్శబ్దం చేరుతుంది. గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా వాయించే) సదుపాయం లేని ప్లేయర్లో పాట మారిన ప్రతిసారీ గది ఒక్క క్షణం తెగి మళ్లీ అతుక్కుంటుంది. ఎఫ్‌ఎల్‌ఏసీ (నాణ్యత తగ్గించని ఫైలు రకం) లేదా సీడీ అయితే ఈ గొడవ లేదు. బేస్ పెంచే ఈక్వలైజరు జోలికి పోవద్దు, చిన్న గదిలో కింది శబ్దాలు ముందే ముద్దగా ఉంటాయి, పెంచితే బేస్, డ్రమ్ము కాలి దెబ్బ కలగాపులగమవుతాయి.

స్టూడియో రికార్డుతో పోల్చేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. ఏ ట్యూనర్ ఆప్ అయినా తెరిచి, రెండు రికార్డుల్లోనూ బేస్ ఏ స్వరం మీద విశ్రమిస్తుందో చూడండి. పెద్ద వయసు గాయకులు వేదిక మీద శ్రుతి ఒక స్వరమో, రెండు స్వరాలో దించి పాడటం మామూలే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. శ్రుతి దిగినా దిగకపోయినా, గొంతులో బరువు పెరిగిందా తగ్గిందా అన్నది అప్పుడు విడిగా వినిపిస్తుంది.

మేవిస్ లైవ్ రికార్డుల్లో ఇంకో రెండింటి మాట కూడా చెప్పుకోవాలి, ఏది ముందు వినాలని అడిగేవాళ్లు ఎక్కువ. ఒకటి స్టేపుల్ సింగర్స్ ‘ఫ్రీడమ్ హైవే’. 1965 ఏప్రిల్ 9న షికాగోలో న్యూ నజరెత్ చర్చిలో చేసింది. పూర్తి రూపం 2015లో వచ్చింది, పాత పొట్టి ఎల్పీ కన్నా అదే తీసుకోవాలి. పాప్స్ గిటారు అసలు రుచి అందులోనే, మేవిస్‌కి అప్పటికి పాతికేళ్లు. రెండోది ‘లైవ్ ఇన్ లండన్’. 2018 జులైలో యూనియన్ చాపెల్‌లో రికార్డయి 2019లో వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ల గొంతు, ఎత్తయిన చర్చి కప్పు, దాంతో వచ్చే ప్రతిధ్వని. పాటలు ఎక్కువగా కొత్తవి, హుషారు ఎక్కువ. హైడౌట్‌లో విన్న ఇరుకూ ఉక్కపోతా అందులో దొరకవు.

హైడౌట్ నచ్చినవాళ్లు దాని వెంటనే 2010 నాటి ‘యూ ఆర్ నాట్ ఎలోన్’ పెట్టుకోవచ్చు. షికాగోకే చెందిన జెఫ్ ట్వీడీ నిర్మించాడు, అమెరికానా (అమెరికా జానపద మూలాల సంగీతం) విభాగంలో గ్రామీ గెలిచింది. ఈ బార్‌లో వాయించిన బృందాన్నే స్టూడియోకి తీసుకెళ్లారు. అదే ట్రెమెలో, అదే పొదుపు, చప్పట్లు మాత్రం ఉండవు.